పైకి చూసే మిరపకాయలు

మా అమ్మ పెంచిన మిరపచెట్టు గురించి రాయాలని కూర్చున్నాను. నేను చదివింది ఐదో తరగతి దాకానే. ఉత్తరాలు రాశాను గానీ ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. మొదట రాసిన రెండు కాగితాలు చించేశాను. వాటిలో చెట్టు కంటే నా ఏడుపే ఎక్కువ ఉంది. అందుకని ఈసారి చెట్టుతోనే మొదలుపెడతాను.

అది మోకాలి ఎత్తు చెట్టు. ఆకు సన్నగా, ముదురు పచ్చలో కొంచెం నలుపు కలిపినట్టు ఉండేది. మామూలు మిరపకాయ కిందికి వేలాడుతుంది. దీని కాయ కొమ్మ మీద నిటారుగా నిలబడి పైకి చూస్తుంది. చిటికెన వేలి చివరి కణుపంత ఉంటుంది. పుట్టినప్పుడు మీగడ రంగు, తర్వాత వంకాయ రంగు, ఆ తర్వాత పసుపు, నారింజ, చివరికి ఎరుపు. ఒకే చెట్టు మీద అన్ని రంగులూ ఒకేసారి ఉండేవి కాబట్టి దారిన పోయేవాళ్ళు పూలనుకుని ఆగేవాళ్ళు. అమ్మ దాన్ని పైచూపు మిరప అనేది. ఆ పేరు అమ్మ పెట్టిందే. ఇంకెవరూ అనగా నేను వినలేదు.

మా ఊరు మార్కాపురం దగ్గరి పెద్దారవీడు దాటి కొండల వైపు పోతే వస్తుంది. పొలం ఉన్నవాళ్ళు తక్కువ, పొలంలో పనిచేసేవాళ్ళు ఎక్కువ. మేము రెండో రకం. చలి తగ్గేటప్పటికి అమ్మ ఏటా మిరపకోతలకు గుంటూరు వైపు పోయేది. ఒక సంవత్సరం వాళ్ళ కూలీల ముఠా దిగిన రైతు ఇంటి ముందు ఈ చెట్లు కుండీల్లో ఉన్నాయట. ఆ ఇంటామె, వాటి మీద చెయ్యి వేయొద్దు, చూడ్డానికి పెట్టుకున్నవి, తినేవి కావు అని చెప్పిందట. అమ్మ ఈ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా నవ్వేది.

"పొద్దంతా మిరపకాయలు కోసినదాన్ని. ఇది తినేది గాదంటే నా చెయ్యి ఎట్ల నమ్ముతది? ఆమె తినలేదు గాబట్టి తినేది గాదంటాంది."

వాకిలి ఊడ్చేటప్పుడు ఒకటి తుంచి నోట్లో వేసుకుంది. ఊరికి తిరిగొచ్చేటప్పుడు పండినవి రెండు కొంగు చివర ముడేసుకుని తెచ్చింది.

ఆ రుచి ఎట్లా ఉండేదో చెప్పడానికే నాకు భయంగా ఉంది, సరిగ్గా చెప్పలేనేమోనని. నోట్లో పెట్టగానే కారం రాదు. ముందు పచ్చిమామిడికాయ చెక్కు తీసినప్పుడు వచ్చే వాసన వస్తుంది. తర్వాత కొంచెం తీపి. అయిపోయింది అనుకుంటుండగా నిదానంగా కారం ఎక్కుతుంది, నాలుక మీద కాదు, చెవుల వెనక. అమ్మ వేయించిన శనక్కాయల్లో ఈ కాయలు ఐదో ఆరో వేసి, ఉప్పు, చింతపండు పెట్టి రోట్లో నూరేది. జొన్నసంగటి ముద్దలో గుంట చేసి ఆ పచ్చడి పెట్టేది. కూర లేదే అని ఆ రోజు మా ఇంట్లో ఎవరూ అనేవాళ్ళు కాదు.

మా ఎదురింట్లో ఒక పెద్దమ్మ ఉంది. వరసకు పెద్దమ్మే గానీ చుట్టం కాదు. అమ్మా ఆమే కూలి పనులకు జతగా పోయేవాళ్ళు. నోరు పెద్దది. అమ్మ చెట్టును ఏదో ఒకటి అనకుండా మా వాకిలి తొక్కేది కాదు.

"చర్చిలో ప్రార్థనంటే మనుషులంతా తలలొంచుకుంటరు. నీ మిరపకాయలు మాత్రం తలెత్తుకోనుంటయి. పొగరుమోతు కాయలు."

"తలెత్తుకోనుంటే నీకేమే? పచ్చడి కావాల్నా వద్దా?"

"కావాల. పొగరు పోయేటట్లు బాగా నూరు."

అమ్మకు ఒక పట్టుదల ఉండేది. ఏ యేడు కాయ ఆ యేడు మొదటగా దేవునికి పోవాలి. మా చర్చిలో చలికాలంలో కోతపండుగ చేస్తారు. ఇంట్లో పండిన వాటిలో మొదటివి తెచ్చి ముందర పెడతారు. కందులు, జొన్నలు, గుమ్మడికాయ, కోడి, ఎవరికి ఏది ఉంటే అది. ప్రార్థన అయ్యాక అన్నిటినీ వేలం పాడతారు. ఇందులో ఒక మర్యాద ఉంది. చాలామంది తాము ఇచ్చినదాన్ని తామే పాడి ఇంటికి తెచ్చుకుంటారు. దేవునికి ఇచ్చినట్టూ ఉంటుంది, దేవుని దగ్గర నుంచి తీసుకున్నట్టూ ఉంటుంది. అమ్మ ఏటా పళ్ళెంలో పైచూపు కాయలు పెట్టుకుని పోయేది. ఆ పళ్ళెం చర్చికి పోయేదాకా ఆ పూత కాయ ఒక్కటి కూడా మా నోట్లో పడనిచ్చేది కాదు.

"దొంగతనంగా తెచ్చింది గదా, దేవునికి వాటా ఇస్తే కేసు కొట్టేస్తడనుకుంటాంది మీ అమ్మ," అనేది పెద్దమ్మ.

అమ్మ పోయి రెండున్నరేళ్ళయింది. ముందు మార్కాపురం ఆస్పత్రి, తర్వాత ఒంగోలు, తర్వాత ఇల్లు. ఆ కొద్ది నెలలూ మేము చెట్లను చూడలేదు. ఎండాకాలం మా ఊరికి నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడే నీళ్ళు. మనుషులకే చాలవు. అమ్మ పెయింటు బకెట్లలో, పగిలిన కుండల్లో పెంచిన చెట్లన్నీ ఎండిపోయాయి. అంట్లు తోమే చోటు పక్కన ఉన్న ఒక్క బకెట్టు చెట్టు మాత్రం ఆ తడికి బతికింది. అమ్మ ఏటా నాలుగు పండుకాయలు ఎండబెట్టి గుడ్డలో కట్టి విత్తనానికి దాచేది. ఆ యేడు దాచేవాళ్ళు లేరు. అంతకు ముందు ఏటి మూటను ఎలుకలు కొట్టేశాయి. అంటే అమ్మ మిరపకు సంబంధించి లోకంలో మిగిలింది ఆ ఒక్క చెట్టు. ఈ మాట ఇప్పుడు ఇంత తేటగా రాస్తున్నాను గానీ అప్పుడు నా బుర్రకు తట్టలేదు.

వానలకు ఆ చెట్టు చిగురేసింది. చలికాలానికి కొమ్మ కొమ్మకూ కాయ. అమ్మ లేకుండా వచ్చిన మొదటి కోతపండుగ. పళ్ళెంలో నాలుగు కాయలు పెట్టుకుని పోతే అమ్మకు తక్కువ చేసినట్టు అనిపించింది. చెట్టుకు చెట్టే బకెట్టుతో సహా అమ్మ పేరు మీద ఇద్దామనుకున్నాను. వేలంలో నేనే పాడి తెచ్చుకుంటాను గదా అని ధైర్యం. బకెట్టు బాగా కడిగి, చుట్టూ రంగు కాగితం అతికించాను.

మా ఆయన గడప మీద కూర్చుని చూస్తున్నాడు.

"రెండు కాయలన్నా తుంచి ఇంట్లో పెట్టి పో," అన్నాడు.

"దేవునికియ్యకముందు ముట్టుకోగూడదని అమ్మ చెప్పలేదా?"

"మీ అమ్మ తినొద్దని చెప్పింది. దాచుకోవద్దని చెప్పలేదు."

"రెండూ ఒకటే."

"ఒకటే ఎట్లయితదే? తినడం వేరు, గింజకు పెట్టుకోవడం వేరు."

నేను వినలేదు. అమ్మ మాట అమ్మ కంటే గట్టిగా పట్టుకోవాలని ఉండింది నాకు ఆ రోజు.

ఆ పండుగకు మార్కాపురం నుంచి అతిథులు వచ్చారు. భార్యాభర్తలు, ఇద్దరూ ఉద్యోగస్తులే. వేలం మొదలైంది. సంఘపెద్ద గుమ్మడికాయలు, కోళ్ళు అయ్యాక నా బకెట్టును పైకెత్తి అందరికీ చూపించాడు.

"ఇది పోయినామె పేరు మీద బిడ్డ ఇచ్చిన కానుక. చూడండి, ఇంట్లో పెట్టుకుంటే క్రిస్మస్‌కు లైట్లు కొనే పని లేదు. ఎవరు మొదలుపెడతరు?"

నేనే మొదలుపెట్టాను. మా వాళ్ళెవరూ నా మీద పాడలేదు. అందరికీ తెలుసు అది నేను తీసుకుపోతానని. సంఘపెద్ద ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు. అప్పుడు ముందు వరస కుర్చీలోంచి అతిథి మేడమ్ పాడింది. ఆమెకు మా మర్యాద తెలియదు. చర్చికి సాయం చేద్దామని, చెట్టు ముద్దుగా ఉందని పాడింది. నేను ఇంకొంచెం పెంచాను. ఆమె నవ్వి ఒకేసారి చాలా పెంచింది. చర్చంతా చప్పట్లు కొట్టింది. నా చేతిలో ఉన్నది ఎప్పుడో దాటిపోయింది. దాటకపోయినా, పిలిచిన అతిథి మీద ఎట్లా పాడతాను? పెద్దమ్మ వెనక నుంచి నా వీపు మీద చెయ్యి వేసింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం నేను చూసింది అదే మొదటిసారి.

బయటికొచ్చాక మేడమ్ నా దగ్గరికి వచ్చింది.

"చాలా అందంగా ఉందండీ. మీరే పెంచారా?"

"మా అమ్మ," అన్నాను.

రెండు కాయలు ఇవ్వండి మేడమ్, గింజలకు, అని ఒక్క మాట అంటే ఇచ్చి ఉండేది. అనలేకపోయాను. దేవునికిచ్చిన దాని వెంట కారు దాకా పోయి అడుక్కున్నట్టు ఉంటుందని సిగ్గేసింది. ఆమె బకెట్టును కారులో కాళ్ళ దగ్గర పెట్టుకుంది. కారు మలుపు తిరిగేదాకా చూశాను.

ఆ చలికాలమంతా రోట్లో మామూలు కాయలతో పచ్చడి నూరాను. అది పచ్చడే. నూరుతున్నంతసేపూ ఆ మామిడి వాసన వస్తుందేమో అని ముక్కు దానికదే ఎదురుచూసేది. మా ఆయన తిని బాగుందనేవాడు. బాగుందనే మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

ఒకసారి మార్కాపురంలో నర్సరీ ముందు నుంచి పోతుంటే అట్లాంటి చెట్లే కనబడ్డాయి. పైకి చూసే కాయలు, వంకాయ రంగూ ఎరుపూ. లోపలికి పోయి అక్కడున్న అబ్బిని అడిగాను.

"ఇవి తినొచ్చా నాయనా?"

"షోకు చెట్టక్కా. తినేదానికి గాదు."

"ఒకటి తిని చూడొచ్చా?"

"తిను, నాదేం పోయింది. నీళ్ళు మాత్రం నా దగ్గర లేవు."

కొరికాను. వాసన లేదు, తీపి లేదు. వట్టి మంట, దాని వెనక చేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే ఆ అబ్బి నవ్వాడు.

"చెప్పినా గదక్కా. దేవుడు దీన్ని కండ్లకు చేసినాడు."

అయినా ఒకటి కొనుక్కొచ్చాను. ఇంటి ముందు పెట్టి రెండు వారాలు చూశాను. దూరం నుంచి చూస్తే అమ్మ ఉన్నట్టే ఉండేది, దగ్గరికి పోతే కాదు. పక్క వీధి వాళ్ళు అడిగితే ఇచ్చేశాను.

ఎండలు ముదరకముందే మేడమ్ ఇంటికి పోవాలని తెగించాను. పాస్టరమ్మ ఆమె ఫోన్ నంబరు ఇచ్చి, ఇల్లు ఎక్కడో చెప్పి, "గింజలు అడిగితే దేవుడు ఏమనుకోడులే, పో," అంది. రెండో అంతస్తు. చెప్పులు కిందే విడిచి మెట్లెక్కాను. మేడమ్ నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. అంచు మీద కూర్చున్నాను.

"చెట్టు చూస్తారా? బాల్కనీలో ఉంది. ఎంత బాగా కాస్తోందో."

నిజమే. కొత్త కుండీలో పెట్టి, కొమ్మలు కత్తిరించి గుండ్రంగా చేసింది. చుట్టూ ఇంకా చాలా కుండీలు. అమ్మ చెట్టు అమ్మ దగ్గర కంటే శుభ్రంగా ఉంది. కాయలు, అక్కడికొచ్చాక పూసి కాసినవే, పండి పండి ముడుచుకుపోయి ఉన్నాయి. ఎవరూ కోయలేదు.

"మేడమ్, వీటిని మీరు వండుకోలేదా?"

"ఇవి తింటారా? విషమేమోనని మా పాపను ముట్టుకోవద్దన్నాను."

నేను ఒకటి తుంచి ఆమె ముందే నోట్లో వేసుకున్నాను. ఆమెకు నమ్మకం కలగాలని వేసుకున్నాను గానీ, ఆ వాసన రాగానే ఆమె ఎదురుగా ఉన్న సంగతే మరిచిపోయాను. మేడమ్ కూడా ఒకటి చివర కొరికింది.

"మామిడికాయ లాగా ఉందే," అంది.

నేను తల ఊపాను. తర్వాత ఎందుకొచ్చానో చెప్పాను. అమ్మ సంగతి, వేలం సంగతి, గింజలు లేని సంగతి. ఆమె ముఖం చిన్నబోయింది.

"అయ్యో, ఆ రోజే చెప్పొచ్చు కదండీ. నాకేం తెలుసు. ఈ కుండీయే తీసుకెళ్ళండి. ఆటో నేను మాట్లాడతాను."

వద్దన్నాను.

"చర్చిలో ఇచ్చేసినాం మేడమ్. తిరిగి తీసుకోగూడదు. నాలుగు కాయలియ్యండి, చాలు."

ఆమె రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ వద్దన్నాను. అందులో దేవుని భయం ఎంతో, నా బింకం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేను. పండుకాయలు ఐదు కాగితంలో చుట్టి ఇచ్చింది.

బస్సులో ఒకటి తిన్నాను. నాలుగు గింజలకు చాలు, ఒకటి నాకు అనుకున్నాను. మొదట వాసన, తర్వాత తీపి, పెద్దారవీడు దగ్గరికి వచ్చేటప్పటికి కారం. పక్కనామె నన్ను చూసి నీళ్ళ సీసా మూత తీసింది.

"ఉత్త మిరపకాయ తింటరా ఎవరన్నా? తాగు తల్లీ, కండ్లెమ్మట నీళ్ళు కారతాండయి."

తాగలేదు. నీళ్ళు తాగితే ఆ రుచి పోతుంది.

తొలకరికి గింజలు పోశాను. పద్నాలుగు మొలిచాయి. కోళ్ళు కొన్ని తిన్నాయి, ఎండకు కొన్ని పోయాయి, ఆరు మిగిలాయి. వాటిని చూసుకున్నంతగా నేను నా పిల్లలను కూడా చూసుకోలేదు. పూత వచ్చింది. పిందె పడింది. రోజూ పొద్దున్నే వంగి చూసేదాన్ని. మొదటి కాయ కిందికి చూస్తోంది. బరువుకేమో, లేస్తుందిలే అనుకున్నాను. రెండోదీ అంతే. ఆరు చెట్లకూ కాయలు కిందికే వేలాడాయి. ఒకదానికి లావు కాయ, ఒకదానికి పొడుగు కాయ. వంకాయ రంగు భుజాల మీద కొంచెం పులిమినట్టు ఉంది, అంతే. తిని చూశాను. ఒకటి చప్పగా ఉంది, ఒకటి మంట. నాలుగోదానికి మాత్రం ఆ వాసన ఉందా లేదా అన్నంత ఉంది. నేను కావాలనుకోవడం వల్ల ఉన్నట్టు అనిపించిందేమో.

పెద్దమ్మ వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది.

"తలలొంచినయే. ఇప్పుడు ప్రార్థన నేర్చుకున్నట్లుండయి."

నేను నవ్వలేదు. ఏడ్చాను. పెద్దమ్మ పక్కన కూలబడింది.

"ఏందే, మిరపకాయలకు ఏడుస్తరా?"

"తిన్న కాయ అమ్మదే పెద్దమ్మా. రుచి అమ్మదే. దాని గింజలకు ఇట్ల ఎందుకు కాసినయి?"

"ఆ మేడమ్ కాడ ఇంకేమన్నా మిరపచెట్లుండయా?"

"ఉండయి. బజ్జీలకేసే పెద్దకాయలవి ఒకటి. ఇంకేవో రెండు."

"అయితే ఆ బజ్జీమిరపే నీ చెట్లకు నాయన."

అప్పుడు చెప్పింది. పెళ్ళికి ముందు అమ్మా ఆమే రెండేళ్ళు విత్తనాల తోటలో పనిచేశారట. అక్కడ ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వు మీద వేసి గింజలు చేయించేవాళ్ళు. ఆ పువ్వు మీద కావాల్సిన పుప్పొడి తప్ప వేరేది పడకుండా గుడ్డ కట్టేవాళ్ళు. తేనెటీగ వాలిందంటే సూపర్‌వైజరు తిట్టేవాడట.

"తల్లి కాయ తల్లి రుచే ఉంటది. కడుపులో ఉండేది ఎవురి బిడ్డో కాయను తింటే ఎట్ల తెలుస్తది?" అంది పెద్దమ్మ.

నాకు ఒక్కసారిగా అమ్మ దోమతెర ముక్క కళ్ళముందుకు వచ్చింది. పూత కాలంలో అమ్మ ఒక చెట్టు మీద పాత దోమతెర కప్పేది. పొద్దున్నే దాని పైనుంచి కొమ్మలను వేలితో మెల్లగా తట్టేది. పిట్టల కోసం కప్పుతోందని అనుకున్నాను. తట్టడం మురిపెం అనుకున్నాను. దాని పుప్పొడి దాని పూల మీదే రాలాలని తట్టిందని ఇప్పుడు అర్థమయింది. నలభై ఏళ్ళు వచ్చిన దాన్ని, అమ్మ పక్కనే ఉండి చూసిన దాన్ని, ఎందుకమ్మా అని ఒక్కసారి కూడా అడగలేదు. అమ్మ కూడా, అడగనిదానికి చెప్పే మనిషి కాదు.

ఆ సాయంత్రమే మేడమ్‌కు ఫోన్ చేశాను. ఈసారి బింకం లేదు. కుండీ ఇమ్మనే అడుగుదామనుకున్నాను.

"మాకు ట్రాన్స్‌ఫర్ అయిందమ్మా, వేసవిలోనే వచ్చేశాము," అంది. "కుండీలన్నీ కింద వాళ్ళకిచ్చాను. మొన్న ఫోన్ చేస్తే, ఎండలకు అన్నీ పోయాయని చెప్పారు. మీరు ఆ రోజు తీసుకెళ్ళి ఉంటే బాగుండేది."

అవును మేడమ్ అన్నాను. ఆరోగ్యం అడిగాను, పాపను అడిగాను. ఫోన్ పెట్టేసి చీకటి పడేదాకా గడప మీదే కూర్చున్నాను.

మరుసటి రోజు పెద్దమ్మే వచ్చింది. చేతిలో చిరిగిన దోమతెర.

"లెయ్. ఇంకా పూత వస్తాంది గదా. వేరేది తగలకుండా ఇది కప్పు. ఈ ఆరింటిలోనే ఉండాది మీ అమ్మ చెట్టు."

"కిందికి చూస్తాండయి గదా పెద్దమ్మా."

"ఇవి చూస్తాండయి. వీటి బిడ్డలు చూడాలని ఏముంది? తోటలో కంపెనీవాళ్ళు ఏమి చెప్పేటోళ్ళు? ఈ పంట గింజలు మళ్ళా ఏసుకోవద్దు, రకరకాలుగా చెదిరిపోతయి అని. వాళ్ళకు చెదరగూడదు. మనకు చెదిరితేనే గదా పని. అవ్వ పోలిక మనవరాలికి రావడం నువ్వు చూడలేదా? నీ కూతురు ముక్కు ఎవురిది?"

నా కూతురి ముక్కు మా అమ్మదే.

మరుసటి తొలకరికి, అంటే ఈ సంవత్సరం, ఆ దోమతెర కింది గింజలన్నీ పోశాను. ఈసారి మొలకల మీద గంపలు బోర్లించి కోళ్ళను రానివ్వలేదు. ముప్పైకి పైన బతికాయి. నూనె డబ్బాలు, పెయింటు బకెట్లు, సిమెంటు సంచులు, ఏది దొరికితే దానిలో పెట్టాను. వాకిట్లో కాలు పెట్టడానికి చోటు లేదు.

"ఇంట్లోకి పోవాలంటే మిరపచెట్లను పర్మిషన్ అడగాల్నా?" అన్నాడు మా ఆయన. అంటూనే తాను స్నానం చేసిన నీళ్ళు వృథా కాకుండా తొట్టిలోకి పట్టేవాడు. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు, అన్నీ వాటికే పోయాయి.

ఒకనాడు పొద్దున్నే, ఒక నూనె డబ్బాలో చెట్టుకు పిందె నిటారుగా ఉంది. నేను ఎవరినీ పిలవలేదు. రాలిపోతుందేమో, మధ్యాహ్నానికి వంగుతుందేమో అని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. వంగలేదు. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. మొత్తం ఏడు చెట్లకు కాయలు పైకి చూశాయి. అందులో ఒకదానికి మీగడ రంగు పిందె, తర్వాత వంకాయ రంగు, తర్వాత పసుపు. కళ్ళకైతే అది అమ్మ చెట్టే.

అది ఎర్రబడే దాకా ఆగాను. కొరికాను. వాసన ఉంది. నేను అనుకోవడం కాదు, నిజంగానే ఉంది. కానీ తర్వాత ఏదో తక్కువయింది. ఏమిటో చెప్పలేను. రెండోది తిన్నాను. మూడోది తిన్నాను. తినేకొద్దీ భయం పట్టుకుంది. అమ్మ కాయ రుచి గుర్తుచేసుకుందామంటే ఇప్పుడు తిన్న కాయ రుచే నాలుక మీదికి వస్తోంది. ఇంకో నాలుగు రోజులు ఇదే తింటే ఇదే అమ్మది అనుకుంటాను. అట్లా అనుకున్నానని కూడా నాకు తెలియదు. అమ్మ గొంతు కూడా ఈ మధ్య నాకు అట్లాగే అయింది. ఫోన్‌లో రికార్డయి ఉన్న రెండు మాటలే వినిపిస్తాయి, మిగతా మాటలు ఆమె నోటితో రావడం లేదు.

కాయలు కొంగులో వేసుకుని ఎదురింటికి పోయాను. పెద్దమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఏమీ చెప్పకుండా ఒకటి చేతిలో పెట్టాను. ఆమెకు ముందు పళ్ళు మూడే ఉన్నాయి. వాటితోనే కొరికి చాలాసేపు నమిలింది. అదే అని అంటుందని, నన్ను ఓదార్చడానికైనా అంటుందని ఎదురుచూశాను.

"ఇది గాదు," అంది.

కొంగులో మిగిలిన కాయలు ముడేసుకోబోయాను.

"మీ అమ్మది వాసన అయినంక తియ్యగుండేది. కారం నింపాదిగా వచ్చేది, సుట్టమొచ్చినట్లు. ఇది వాసనొచ్చి నేరుగా కారంలోకి పోతాంది. మధ్యలో తీపి లేదు."

ఆమె ఆ మాట అంటుండగానే నా నోట్లోకి అమ్మ కాయ రుచి వచ్చింది. బస్సులో తిన్నప్పుడు ఉన్నట్టే, మధ్యలో తీపితో సహా. పోలేదు. నాకొక్కదానికే కాదు, ఇంకొకరికి కూడా గుర్తుంది. ఇది కాదు అనే మాటకు అంత సంతోషం కలుగుతుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

"అయితే ఇదీ బాగుంది. ఇంకోటియ్యి," అంది పెద్దమ్మ. తిని, "తీపిది ఒకటన్నా రాలేదా?" అని అడిగింది.

వచ్చింది. సిమెంటు సంచిలో ఉన్న ఒక చెట్టు కాయ తియ్యగా ఉంటుంది, నింపాదిగా కారం ఎక్కుతుంది. కానీ వాసన లేదు, కాయ కిందికి చూస్తుంది. ఆ మాటే చెప్పాను.

"అయితే ఆ రెండింటికీ పెండ్లి చేద్దాం," అని లేచింది.

ఆ పని అమ్మకూ ఆమెకూ తెలుసు, నాకు తెలియదు. ఆమెకు ఇప్పుడు చూపు ఆనదు, వేళ్ళు వణుకుతాయి. అందుకని ఆమె పీట వేసుకుని కూర్చుని చెబుతుంటే నేను చేశాను. రేపు విచ్చుకునే మొగ్గను మధ్యాహ్నం చూసుకుని, రెక్కలు మెల్లగా విప్పి, లోపలి పుప్పొడి కాడలను పిన్నీసు మొనతో ఒక్కొక్కటీ తీసేయాలి. మధ్యలో కాడ తెగగూడదు. మొదటి రెండూ తెగ్గొట్టాను.

"మీ అమ్మ రోజుకు వందల పూలు చేసేది. నువ్వు రెండు జేసి రెండూ సంపినావు."

"ఊపిరి బిగబట్టినా చెయ్యి ఆగలే పెద్దమ్మా."

"ఊపిరి ఎందుకు బిగబడతావు? పాట పాడుకుంటా చెయ్యి. మేము పాడుకుంటానే చేసేటోళ్ళం."

చర్చి పాట ఒకటి మెల్లగా పాడుతూ వాసన ఉన్న చెట్టుకు నాలుగు మొగ్గలు చేశాను. మర్నాడు పొద్దున్నే తీపి చెట్టు పువ్వు తుంచి, దాని పుప్పొడిని వాటికి అద్దాను. తెల్ల దారం కట్టి పైన దోమతెర కప్పాను. పెద్దమ్మ లెక్కగా నాలుగు దారాలనూ చేత్తో తడిమి చూసింది.

అది జరిగి పన్నెండు రోజులు. రెండు పూలు రాలిపోయాయి. రెండు నిలిచాయి. ఇప్పుడు పిందెలు గోరంత ఉన్నాయి, ఇంకా మీగడ రంగే. అవి పండాలి, ఎండాలి, మళ్ళీ తొలకరి రావాలి. వచ్చే పంట కలగాపులగంగా ఉంటుందట, ఆ తర్వాతి పంటలో వెతకాలట. అప్పటిదాకా నేను ఉండాలి కదే అంటుంది పెద్దమ్మ. రుచి చూసి ఇది కాదు అని చెప్పడానికి ఆమె తప్ప నాకు ఇంకెవరూ లేరు. అందుకని రోజూ మధ్యాహ్నం ఇంత సంగటి, పచ్చడి ఆమెకు తీసుకుపోయి, తినేదాకా దగ్గర కూర్చుంటున్నాను.